సభ్యత్వ ఫారంలో నేను రాసిన అబద్ధం

పంతొమ్మిది వందల తొంభై ఏడులో నా ఉద్యోగం మచిలీపట్నంలో, అదే బందరులో, కాపురం గుడివాడలో. చేనేత సహకార సంఘాలను పర్యవేక్షించే ప్రభుత్వ ఆఫీసులో డెవలప్‌మెంట్ ఆఫీసరును. జనం డి.ఓ. గారు అనేవారు. పేరు వింటే జీపులో తిరిగేవాడేమో అనుకుంటారు. నాకున్నది సైకిలు. దాన్ని పెడన స్టేషన్ బయట టీ కొట్టు పక్కన తాళం వేసి పెట్టుకునేవాణ్ణి. పొద్దున ప్యాసింజరులో అక్కడ దిగి, ఆ రోజు చూడాల్సిన ఊరికి తొక్కుకుంటూ వెళ్లేవాణ్ణి. సంఘం నూలు సరిగ్గా పంచుతోందా, పుస్తకంలో ఉన్న మగ్గాలు నిజంగా ఆడుతున్నాయా, నేసిన బట్ట సంఘానికే వస్తోందా అని చూసి రిపోర్టు రాయడం నా పని. ఇరవై ఆరేళ్లు ఆ పని చేశాను. గర్వంగా చెప్పుకోదగ్గవి కొన్ని లేకపోలేదు. ఇది వాటిలోది కాదు. అయినా ఎవరైనా మీ ఉద్యోగం సంగతులు చెప్పండి అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. సభ్యుడైన నేతగాడికి సంఘం నూలు ఇస్తుంది, నేసి తెచ్చిన బట్టకు మజూరీ, అంటే నేత కూలి ఇస్తుంది. సభ్యుడు కానివాడు మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తాడు. మాస్టర్ వీవర్ అంటే నూలూ మగ్గాలూ తనవి పెట్టి పదిమంది చేత నేయించుకునే షావుకారు. పని ఉన్నప్పుడు పిలుస్తాడు, లేనప్పుడు ముఖం చాటేస్తాడు. ఆ ఏడాది సంఘం సభ్యులకు ఇంకో ఆశ కూడా ఉండేది. హౌస్ కమ్ వర్క్‌షెడ్ అని ఒక పథకం. ఉండటానికి ఒక గది, మగ్గం పెట్టుకోవడానికి ఒక వసారా కలిపి ప్రభుత్వ సాయంతో కట్టించి ఇచ్చేవారు. మా వైపు ఎక్కువగా గుంట మగ్గాలు. నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. అద్దె ఇంట్లో గొయ్యి తవ్వనిచ్చే ఇంటాయన ఇంకా పుట్టలేదు. కాబట్టి సొంత కప్పు లేని మనిషికి సొంత మగ్గం ఉండదు. ఆ ఇళ్లకు అర్హుల జాబితా సెప్టెంబరు నెలాఖరుకల్లా పైకి వెళ్లాలి. అందులో పేరు చేరాలంటే ముందు సంఘంలో సభ్యత్వం ఉండాలి.

జూన్‌లో ఒకరోజు పెడనకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో సంఘం తనిఖీ ముగించి బయటికి వచ్చాను. ఆ ఊరి పేరు రాయను. నా సైకిలు దగ్గర ఇరవై ఏళ్ల అమ్మాయి నిలబడి ఉంది. నూలు ధూళి పడిన జుట్టు, చేతిలో మడిచిన గొడుగు. నేను సైకిలు తీసుకోబోతే పక్కకి జరగలేదు.

“సార్, మీరు బందరు ఆఫీసు నుంచి వచ్చారాండీ?”

“అవునమ్మా. ఏం కావాలి?”

“మెంబర్షిప్పు ఫారం ఎక్కడిస్తారండీ? ఇక్కడ ఆరుసార్లు అడిగాను. అయిపోయాయంటున్నారు.”

ఫారాలు అయిపోవడం అబద్ధమని నాకు తెలుసు. ఓ అరగంట ముందే గుమాస్తా బల్ల మీద ఆ కట్టను నేను చూశాను. ఆ మాటే ఆమెతో అన్నాను.

“నాకూ తెలుసండీ. నా ఎదురుగానే ఇంకొకళ్లకిచ్చారు,” అంది. కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆమె పేరు రేవతి. చల్లపల్లి దాటాక దివిసీమలో ఉన్న ఒక ఆశ్రమంలో పెరిగింది. అక్కడ ఆడపిల్లలకు పని నేర్పడానికి రెండు మగ్గాలు పెట్టి, పెడన వైపు నుంచి ఒక మేష్టారిని తీసుకెళ్లారు. పన్నెండో ఏట మొదలుపెట్టి ఆరేళ్లు ఆయన దగ్గర నేసింది. పద్దెనిమిది నిండగానే ఆశ్రమం నుంచి బయటికి రావాలి. అది అక్కడి నియమం. తనతోపాటు పెరిగిన పద్మ అనే అమ్మాయితో కలిసి, మేష్టారు చెప్పిన షావుకారు దగ్గరికి ఈ ఊరు వచ్చింది. రెండేళ్లు అతని షెడ్డులో నేసింది. ఆ మధ్యే సూరమ్మ గారని భర్త పోయిన ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు దిగారు. సూరమ్మ గారి భర్త నేసిన గుంట మగ్గం ఆ ఇంట్లో ఖాళీగా పడి ఉంటే, రేవతి దాన్ని బాగుచేసుకుని, బజార్లో కొన్న నూలుతో ఆడిస్తోంది. కానీ ఆ ఇల్లు సూరమ్మ గారి బావగారి కొడుకులది. ఆవిడ ఉన్నంతవరకే ఊరుకుంటారు. ఆ తర్వాత మగ్గం పీకేసి ఖాళీ చేయమంటారని అందరికీ తెలుసు.

“సంఘంలో చేరితే జాబితాలో పేరు రాయించుకోవచ్చన్నారండి. నాకూ పద్మకీ ఒక కప్పు ఉంటుంది. మమ్మల్ని ఎవరూ లెమ్మనకుండా ఉంటే చాలండి,” అంది.

నా సంచిలో ఫారాల కట్ట ఎప్పుడూ ఉండేది. ఒకటి తీసి, సంఘం అరుగు మీదే కూర్చుని నేనే నింపడం మొదలుపెట్టాను. గుమాస్తా కిటికీలోంచి చూస్తున్నాడని తెలిసి కావాలనే అక్కడ కూర్చున్నాను. పేరు, వయసు, వృత్తి రాశాను. తండ్రి పేరు దగ్గర కలం ఆగింది.

“తెలీదండి,” అంది రేవతి.

“ఉప్పెనలో పోయారా?”

దివిసీమ ఆశ్రమం అనగానే మా ప్రాంతంలో ఎవరైనా అడిగే మాట అదే. డెబ్బై ఏడు ఉప్పెనలో అమ్మానాన్నలు కొట్టుకుపోయిన పిల్లలంటే ఇక్కడ అందరికీ మనసు కరుగుతుంది. వాళ్లకు ఇంత అన్నం పెట్టని ఊరు లేదు.

“కాదండీ. అందరూ అలాగే అనుకుంటారు. నేను అవనిగడ్డ బస్టాండులో దొరికాను. మూడేళ్లుంటాయట అప్పటికి. ఉప్పెనొచ్చి వెళ్లాక ఇంకో మూడేళ్లకి.”

బస్టాండులో దొరికిన పిల్ల అని రాస్తే ఆ సంఘంలో ఏం జరుగుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఎవరు వదిలేశారో, ఎందుకు వదిలేశారో అని గుసగుసలు మొదలవుతాయి. అదే ఉప్పెన అని రాస్తే ఎవరూ నోరెత్తరు. నేను గడిలో ఇలా రాశాను: “తల్లిదండ్రులు ఉప్పెనలో మరణించారు.”

“అది నిజం కాదు కదండీ,” అంది రేవతి వంగి చదివి.

“ఫారం కోసమమ్మా. ఎవరికీ నష్టం లేదు. పని అవ్వాలా వద్దా?”

రేవతి సంతకం పెట్టింది. నా రాత కంటే ఆమె సంతకమే కుదురుగా ఉందని నాకు బాగా గుర్తు. ఆ క్షణంలో నేను చేసింది మంచి పనే అనుకున్నాను. తిరిగి వెళ్తూ సైకిలు కొంచెం హుషారుగానే తొక్కాను.

ఫారం తీసుకోవడానికి గుమాస్తా ఒప్పుకోలేదు. ప్రెసిడెంటు గారు లేరని ఒకసారి, సెక్రటరీ గారు పుస్తకం ఇంటికి పట్టుకెళ్లారని ఒకసారి అన్నాడు. వారం తర్వాత రేవతి పెడన స్టేషన్‌లో నా కోసం కాచుకుని ఈ సంగతి చెప్పింది. అప్పుడు నేను చెప్పిన సలహా మాత్రం సరైనదే.

“చేతికివ్వకు. సభ్యత్వానికి కట్టే షేరు సొమ్ముకి డి.డి. తీసి, ఫారంతోపాటు రిజిస్టర్డ్ పోస్టులో పంపు. వెనక ఎక్నాలెడ్జ్‌మెంటు కార్డు పెట్టు. అందినట్టు వాళ్లు సంతకం పెట్టిన కార్డు నీకు తిరిగొస్తుంది. అది దాచుకో.”

“తీసుకుని ఊరుకుంటేనండీ?”

“ఊరుకోవడానికి గడువుంది. ఇస్తున్నామని గానీ, ఇవ్వం అని గానీ చెప్పాలి. ఇవ్వం అంటే కారణం కాగితం మీద రాయాలి.”

ఈ కారణం రాయడం అన్న మాటలోనే నా వృత్తి కిటుకంతా ఉంది. సహకార చట్టాన్ని నేను ఎన్నోసార్లు తిరగేశాను. అందులో అనాథ అనే మాట లేదు. ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలను చిన్నచూపు చూడకూడదని ప్రత్యేకంగా చెప్పిన వాక్యం ఏదీ నాకు కనబడలేదు. ఉన్నదల్లా ఒక్కటే. అర్హత ఉన్న మనిషిని తగిన కారణం లేకుండా కాదనకూడదు, కాదంటే కారణం తెలపాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంఘం బైలా ప్రకారం, అంటే సంఘం తనకు తాను రాసుకున్న నిబంధనల ప్రకారం, అర్హతలు మూడు. పద్దెనిమిదేళ్లు నిండాలి, సంఘం పరిధిలో నివాసం ఉండాలి, నేత వృత్తిగా ఉండాలి. రేవతికి మూడూ ఉన్నాయి. నోటితో ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. ఆడపిల్ల అనొచ్చు, దిక్కులేనిది అనొచ్చు, కులం తెలియదనొచ్చు. వాటిలో ఒక్కదాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేయమంటే మాత్రం ఎవరైనా వెనకాడతారు. అందుకే సంఘాలు కాదనవు, ఫారాలు అయిపోయాయంటాయి.

జూలై నెలాఖరుకి సంఘం నుంచి రేవతికి ఉత్తరం వచ్చింది. పద్మ దాన్ని పట్టుకుని నేరుగా బందరులో మా ఆఫీసుకు వచ్చింది. నేను చదివాను. “దరఖాస్తుదారు తన తల్లిదండ్రులు ఉప్పెనలో మరణించినట్లు తప్పుడు సమాచారం ఇచ్చినందున సభ్యత్వం ఇవ్వడానికి వీలుపడదు.”

వాళ్ల దగ్గర కాగితం మీద పెట్టదగ్గ కారణం ఒక్కటి కూడా లేదు. ఆ ఒక్కటీ నేను చేతులారా రాసిచ్చాను.

మర్నాడే ఆ ఊరు వెళ్లి సంఘం ప్రెసిడెంటు వీరభద్రరావు గారిని కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందు చెప్పాలి. తను కూడా మగ్గం మీద పెరిగినవాడే. సంఘం మూతపడబోతే ఇంటింటికీ తిరిగి నిలబెట్టాడు. నన్ను చూడగానే కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు.

“ఉప్పెన సంగతి మీకెవరు చెప్పారండీ?” అని అడిగాను.

“మనవడి పుట్టువెంట్రుకలకి మోపిదేవి వెళ్లామండి. వస్తా వస్తా ఆ ఆశ్రమం దగ్గర కారాపించాను. మేనేజరు గారు రిజిస్టరు తీసి చూపించారు. బస్టాండులో దొరికిందంట. మరి ఉప్పెనని ఎందుకు రాసినట్టు డి.ఓ. గారూ? మొదటి కాగితంలోనే అబద్ధమాడిన మనిషికి రేపు నూలెట్టా నమ్మి ఇస్తాం?”

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. రాసింది నేనేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దాని బదులు, “నిజం రాసి ఉంటే ఇచ్చేవారా?” అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాపరికం లేకుండా చెప్పాడు. “మగ్గమంటే ఒక మనిషి పని కాదు కదండీ. మగాడు నేస్తే ఆడది కండెలు చుడుతుంది, పిల్లలు అందిస్తారు, ముసలాళ్లు పడుగు అతుకుతారు. మగ్గమంటే ఒక ఇల్లు. ఆ పిల్లకి ఇల్లేది? ఒక్కతే ఎట్టా నేస్తది? షావుకారే ఆ పిల్ల పేరెట్టి మన నూలు లాగుదామని చూస్తున్నాడు. మాకు ముందు జరిగిందండీ ఇట్టాంటిది.”

అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. బినామీ సభ్యులని ఉండేవారు. మగ్గం ఆడించనివాడు సభ్యుడిగా చేరి, తన వాటా నూలును షావుకారుకు దాటించడం. అలాంటి వాళ్ల వల్ల మునిగిన సంఘాలు నేను చూశాను. కానీ అనుమానం ఉంటే వెళ్లి మగ్గం చూడాలి. ఆయన పదిళ్ల అవతల ఉన్న మగ్గాన్ని చూడటానికి వెళ్లలేదు. పుట్టుక ఎక్కడో కనుక్కోవడానికి మాత్రం దివిసీమలో ఉన్న ఆశ్రమం దగ్గర కారు ఆపాడు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆయన మజ్జిగ ఇంకో గ్లాసు తాగమన్నాడు.

రేవతి తన చేత్తో అప్పీలు రాసి పంపింది. అప్పీలు వినేది మా ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టరు, మేము ఏ.డి. గారు అనేవాళ్లం. మాట తక్కువ మనిషి. ఫైలు చూసి, ముందు మగ్గం తనిఖీ చేసి రిపోర్టు ఇమ్మని నన్నే పంపారు.

చెప్పకుండా వెళ్లాలి, పొద్దున్నే వెళ్లాలి. ఇది మా పనిలో మొదటి పాఠం. ముందు రోజు తెలిస్తే ఖాళీ మగ్గం మీద కూడా మనిషి కూర్చుంటాడు. ఏడు గంటలకు సూరమ్మ గారి ఇంటి ముందు సైకిలు దిగేసరికి లోపల పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు వినబడుతోంది. రేవతి గుంటలో కూర్చుని నేస్తోంది. గుమ్మం పక్కన పద్మ రాట్నం మీద కండెలు చుడుతోంది. కండె అంటే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దానికి పేక నూలు, అంటే అడ్డం పోగు చుడతారు. వెనక వసారాలో సూరమ్మ గారు పాత పడుగు, అంటే నిలువు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతున్నారు.

“నేత పని వచ్చో రాదో చూడటానికి వచ్చావా బాబూ?” అన్నారు సూరమ్మ గారు తలెత్తకుండా. “చూడు. మా ఆయన నేసినప్పుడు అంచు ఇంత సూటిగా రాలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదంతే.”

నేసేవాళ్లను పరీక్షించడానికి నాకు ఒక పద్ధతి ఉంది. నేస్తుండగా చూడను, పోగు తెగినప్పుడు చూస్తాను. రేవతి చూడకుండా ఒక పడుగు పోగు తెంపాను. నాలుగు పేకలు కూడా పడకముందే ఆమె చేయి ఆగింది. కళ్లతో వెతకలేదు. బట్ట మీద వేళ్లు ఆనించి, తెగిన చోటు పట్టుకుని, పోగు లాగి అతికి, మళ్లీ నాడె విసిరింది.

“మీరే తెంపారాండీ?” అంది నవ్వుతూ.

ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు. ఒకరికొకరు ఏమీ కారు. రేషన్ కార్డులో ఒకచోట ఉండరు. మగ్గం మాత్రం వీరభద్రరావు గారు చెప్పినట్టే, ఒక ఇల్లు నడిచినట్టు నడుస్తోంది. నేను చూసింది చూసినట్టు రెండు పేజీల రిపోర్టు రాశాను. షావుకారు నూలు ఆ ఇంట్లో లేదని, మగ్గం రోజూ ఆడుతోందని, నేసేది దరఖాస్తుదారేనని రాశాను. ఫారంలో తండ్రి గడి గురించి మాత్రం ఆ రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో విచారణ పెట్టారు. తప్పుడు సమాచారం అన్న ఆరోపణ ఉంది కనుక ఆశ్రమం రిజిస్టరు నకలు తెప్పించుకోవడానికి సంఘం గడువు అడిగింది. చట్టప్రకారం ఇవ్వక తప్పదు. అది అక్టోబరుకు పడింది. ఈలోగా సెప్టెంబరు నెలాఖరు వచ్చింది, ఇళ్ల జాబితా రేవతి పేరు లేకుండానే పైకి వెళ్లిపోయింది. జాబితా మీద ఆఫీసు ముద్ర వేసింది నేనే. వేస్తూ ప్రతి పేజీ తిప్పి చూశాను, లేని పేరు కనబడుతుందేమో అన్నట్టు.

అక్టోబరులో ఏ.డి. గారి గదిలో విచారణ జరిగింది. ఒక వైపు వీరభద్రరావు గారు, సంఘం సెక్రటరీ. ఇంకో వైపు రేవతి, తోడు వచ్చిన సూరమ్మ గారు. నేను రిపోర్టు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను.

ఏ.డి. గారు ఫారం ఎత్తి చూపించి రేవతిని అడిగారు. “ఈ ఉప్పెన మాట నువ్వే రాశావా?”

రేవతి నా వైపు చూడలేదు. “సంతకం నాదేనండి,” అంది.

“సంతకం అడగలేదు. రాసింది ఎవరు?”

“సంతకం పెట్టాను కదండీ. నాదే బాధ్యత.”

ఆ అమ్మాయి నన్ను కాపాడుతోంది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి, పోగొట్టిన మనిషిని కాపాడుతోంది. నా ఉద్యోగ జీవితంలో అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాను.

“సార్, ఆ గడిలో చేతిరాత నాది. ఆమె నాకు నిజమే చెప్పింది. ఇది నిజం కాదు కదా అని కూడా అంది. ఫారం కోసమని నేనే రాసి సంతకం పెట్టించాను. ఇది రికార్డు చేయండి.”

వీరభద్రరావు గారు నోరు తెరిచి నన్ను చూశారు. “మీరు రాశారా డి.ఓ. గారూ?” అన్నారు. నాకంటే ఆయనే ఎక్కువ బాధపడినట్టు కనిపించారు.

ఏ.డి. గారు రాసుకున్నారు. నన్ను ఏమీ అనలేదు, అది తర్వాత మెమోలో అన్నారు. ప్రెసిడెంటు గారి వైపు తిరిగి, “ఈ కారణం పోయింది. ఇంకే కారణంతో కాదంటున్నారో చెప్పండి, రాసుకుంటాను,” అన్నారు.

“ఏముందండీ, ఇల్లూ వాకిలీ లేని పిల్ల. రేపేదన్నా అయితే ఎవర్నడగాలండి?”

“నన్నే అడగండి,” అంది రేవతి. “నూలు తీసుకునేది నేను, నేసేది నేను. మీ సంఘంలో అందరికీ నాన్నలున్నారు కదండీ. ఇదివరకు సంఘం నూలు షావుకారుకి దాటినప్పుడు వాళ్ల నాన్నల్ని పిలిచి అడిగారా?”

సూరమ్మ గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఆశ్రమంలో పెరిగింది గనక ఇవ్వం అని రాయమంటారా?” అని ఏ.డి. గారు ప్రెసిడెంటును అడిగారు. “మీ కారణం అదే అయితే రాస్తాను, మీరు సంతకం పెట్టండి.”

వీరభద్రరావు గారు ఏ.డి. గారి ముందున్న కాగితం వైపు చూశారు. “అట్టా రాయకండి,” అన్నారు.

ఉత్తర్వు అప్పటికప్పుడే చెప్పారు. బైలాలో ఉన్న మూడు అర్హతలూ ఆమెకు ఉన్నాయి. తల్లిదండ్రులు ఎవరో తెలియకపోవడం అనర్హత కాదు. ఫారంలో ఆ గడి మనిషిని గుర్తుపట్టడానికే గానీ మనిషి విలువ కట్టడానికి కాదు. పదిహేను రోజుల్లో సభ్యురాలిగా చేర్చుకోవాలి.

సాయంత్రం ప్యాసింజరులో ముగ్గురం ఒకే పెట్టెలో కూర్చున్నాం. వాళ్లు పెడనలో దిగాలి, నేను గుడివాడ దాకా వెళ్లాలి. సూరమ్మ గారు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నారు. నేను రేవతికి క్షమాపణ చెప్పాను.

“ఈ ఏటి జాబితా పోయినట్టేగా సార్?” అంది.

“పోయింది. వచ్చే ఏడాది పెడదాం.”

“మీరు ఆ మాట రాయకపోయుంటే?”

అబద్ధం చెప్పడం నాకు సులువే అని అప్పటికి రుజువైంది. ఈసారి చెప్పలేదు. “వాళ్ల దగ్గర రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆగస్టుకల్లా సభ్యురాలివి అయ్యేదానివి. ఇల్లు వచ్చేది.”

రైలు చిలకలపూడి దాటింది. రేవతి గొంతు పెంచకుండా ఇలా అంది.

“మీరు నా మంచికే రాశారండీ, నాకు తెలుసు. కానీ నేనెవరో ఉన్నదున్నట్టు చెబితే పని అవదని ప్రెసిడెంటు గారు అనుకున్నారు. మీరూ అదే అనుకున్నారు. ఆయన నోటితో అన్నారు, మీరు చేత్తో రాశారు. నేనొక్కదాన్నే అనుకోలేదు సార్.”

నాకు మెమో వచ్చింది. జవాబులో దాచకుండా ఒప్పుకున్నాను. సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు చేరింది, అది న్యాయమే. మరుసటి ఏడు జాబితాలో రేవతి పేరు వచ్చింది. ఆ మధ్యలో సూరమ్మ గారు మంచాన పడ్డారు, ఆవిడ బంధువులు మగ్గం తీసేయమన్నారు, రేవతి ఏడు నెలలు మళ్లీ షావుకారు షెడ్డులో కూలికి నేసింది. ఆ ఏడు నెలలు నా ఖాతాలోవి. ఇల్లు పూర్తయ్యాక రేవతి, పద్మ, సూరమ్మ గారు ముగ్గురూ అందులోకి మారారు. సూరమ్మ గారు చివరి రోజులు అక్కడే గడిపారు.

ఆ తర్వాత పదిహేనేళ్లు ఉద్యోగం చేశాను. కాదన్న ప్రతి సంఘాన్నీ కారణం రాసివ్వమని పీడించి చంపుకుతిన్నాను. నా పేరు చెబితే గుమాస్తాలు విసుక్కునేవారు. విసుక్కుంటే విసుక్కోనీ అనుకున్నాను. చట్టంలో ఇలాంటి పిల్లల కోసం పెద్దగా ఏమీ లేదని మొదట్లో బాధపడేవాణ్ణి. ఉన్న కాస్త చట్టం ఆ పిల్ల వైపే నిలబడింది. ఎదురు నిలబడింది దాన్ని నమ్మని నేను. జాలి చూపించడానికి ఒక మంచి కథ కావాలి, అందుకే నేను కథ రాశాను. రేవతి అడిగింది ఒక ఫారం మాత్రమే.